ఇంటి పెళ్లికి మీరే ఫొటోగ్రాఫర్ అయితే

ఇంట్లో ఎవరి చేతిలోనైనా కాస్త మంచి కెమెరా కనిపిస్తే చాలు, "మన పిల్ల పెళ్లికి నువ్వే తీసేయరా, బయటివాళ్లకి వేలకు వేలు పోయడం ఎందుకు" అని ఏ పిన్నో పెదనాన్నో అనేస్తారు. కాదనడం కుదరదు. ఒప్పుకున్న రాత్రి నుంచే టెన్షన్ మొదలవుతుంది. చేతిలో ఉన్నదేమో ఒక పాత డీఎస్ఎల్ఆర్, దానితోపాటు వచ్చిన కిట్ లెన్స్, ఒకే ఒక్క బ్యాటరీ. ఇదివరకు తీసినవన్నీ గోపాల్‌పూర్ బీచ్‌లో అలలూ, పుట్టినరోజు కేకులూ. ఒడిశాలో ఉండే మన తెలుగువాళ్లకి బరంపురమైనా, పర్లాకిమిడైనా, గుణుపురమైనా ఇదే కథ. అయినా ఈ సరంజామాతోనే పెళ్లి తీయొచ్చు, బాగానే తీయొచ్చు.

ఒప్పుకునే ముందు ఒక షరతు పెట్టండి. "ముహూర్తం దగ్గర మూడు గంటలకైనా ఊళ్లో ఫొటోగ్రాఫర్ ఒకర్ని మాట్లాడండి, మిగతాదంతా నేను చూసుకుంటాను" అనండి. ససేమిరా అంటే, కెమెరా ఉన్న ఇంకో బంధువునైనా తోడు తెచ్చుకోండి. సూత్రం కట్టే సమయానికి కెమెరా మొరాయిస్తే రెండోసారి కట్టమనలేం కదా.

ముందు పంతులుగారు, తర్వాత కెమెరా

పెళ్లి ఫొటోల్లో సగం పని కెమెరా ముట్టుకోకముందే అయిపోతుంది. తర్వాత ఏం జరగబోతోందో తెలిసినవాడు సరైన చోట ముందే నిలబడి ఉంటాడు. తెలియనివాడి దగ్గర లక్ష రూపాయల కెమెరా ఉన్నా జనం వీపులే దొరుకుతాయి.

అందుకే వారం ముందే పంతులుగారి దగ్గరికి వెళ్లి కూర్చోండి. ఏ తంతు తర్వాత ఏది, సుమారుగా ఎంతసేపు, ఎవరెవరు ఎటువైపు కూర్చుంటారు, ఇవి అడిగి రాసుకోండి. వరుస ఇంటింటికీ మారుతుంది. కొందరికి స్నాతకం, కాశీయాత్ర ఉంటాయి, కొందరికి ఉండవు. గౌరీపూజ ఇంట్లోనా, మండపంలోనా? పెళ్లికూతుర్ని మేనమామ బుట్టలో మోసుకొస్తాడా, నడిపించుకొస్తాడా? మధుపర్కాలు ఎప్పుడు కట్టుకుంటారు? ఇవన్నీ ముందే తేల్చుకోండి. చివర్లో ఒక్క మాట అడగండి: "పంతులుగారూ, జీలకర్ర బెల్లానికీ, సూత్రానికీ ఒక్క నిమిషం ముందు నాకు సైగ చేస్తారా?" చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. మర్యాదగా అడిగిన కుర్రాడంటే వాళ్లకీ అభిమానమే.

పెళ్లివారి ఇంట్లో అందర్నీ ఎరిగిన పన్నెండు పదమూడేళ్ల పిల్లనో పిల్లాడినో కూడా పట్టుకోండి. "విశాఖ పెద్దత్తయ్య ఎవరు? రాయగడ మావయ్య వచ్చాడా?" అంటే వెంటనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాళ్లు కావాలి. గ్రూప్ ఫొటోల వేళ వాళ్లు మీకు బంగారం.

సంచిలో ఏముండాలి

కిట్ లెన్స్ అంటే సాధారణంగా 18–55 ఎంఎం ఉంటుంది. దీని గుట్టు ఒకటి తెలుసుకోవాలి. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం, ఎఫ్ అంకె చిన్నదైతే కన్నం పెద్దది. 18 దగ్గర అది ఎఫ్ 3.5 వరకు తెరుచుకుంటుంది, 55 వరకు జూమ్ చేస్తే 5.6 దాటి తెరుచుకోదు. అంటే జూమ్ చేసేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గిపోతుంది, రెండున్నర రెట్ల తేడా. రాత్రి మండపంలో ఈ తేడాయే ఫొటోని చెడగొడుతుంది. కాబట్టి వీలైనచోటల్లా జూమ్ తిప్పడం మానేసి రెండడుగులు ముందుకేయండి. మరీ 18 దగ్గర పెట్టి మనుషుల్ని తీయకండి, అంచుల్లో ఉన్నవాళ్లు సాగిపోతారు. అంచున నిలబడ్డ అత్తయ్య తన ఫొటో చూసుకుంటే మీతో మాట్లాడదు. 24 నుంచి 35 మధ్య ఉంచితే హాయి.

ఏదైనా ఒక్కటి అప్పో అద్దెకో తెచ్చుకునే వీలుంటే, అది 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్. 55 దగ్గర కిట్ లెన్స్‌తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. జూమ్ ఉండదు, కాళ్లే జూమ్. పెళ్లికూతురి ముఖం, చేతులు, మెట్టెలు దీనితోనే తీయండి. దీన్ని పెళ్లి రోజు మొదటిసారి తగిలించకండి. వారం ముందే తెచ్చుకుని, ఇంట్లో ట్యూబ్‌లైటు కింద అమ్మని కూర్చోబెట్టి అలవాటు చేసుకోండి. 1.8 దగ్గర ఒక కన్ను స్పష్టంగా ఉంటే రెండో కన్ను మసకబారుతుంది, 2.8 దగ్గర పెడితే ఇద్దరికీ క్షేమం.

బ్యాటరీలు రెండైనా కావాలి. మెమరీ కార్డులు రెండు, ఒకే పెద్ద కార్డు వద్దు. రా ఫైల్స్‌లో (కెమెరా చూసినదంతా కుదించకుండా దాచే పద్ధతి) తీయండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో ఫొటో పాతిక ముప్ఫై ఎంబీ వస్తుంది, 64 జీబీ కార్డులో రెండు వేలకు అటూ ఇటూ పడతాయి. పసుపు లైటు, నీలం లైటు కలిసి పెళ్లికూతురి ముఖాన్ని ఏ రంగు చేసినా, రా ఉంటే ఇంటికొచ్చి సరిచేసుకోవచ్చు.

ఇక లెన్స్ తుడిచే గుడ్డ. అక్షింతల పసుపు, హోమం పొగ, చెమట చేతులు, వీటన్నిటి మధ్య అది ప్రతి అరగంటకీ అవసరమవుతుంది.

ఫోన్ ఒక్కటే ఉన్నా కంగారు పడకండి. పెళ్లి రోజు దాన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా మూడు ముళ్ల దగ్గర ఎవరో ఫోన్ చేసి "దారెటు?" అని అడుగుతారు. ఫ్లాష్ ఆపేయండి, వేళ్లతో లాగి జూమ్ చేయకండి. స్క్రీన్ మీద ముఖాన్ని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ కదలకుండా ఆగుతాయి. స్టోరేజీ ముందు రోజే ఖాళీ చేసుకోండి.

మండపాన్ని ముందే చూసుకోండి

పెళ్లి ఏ వేళకో ఆ వేళకే వెళ్లి చూడాలి. రాత్రి ముహూర్తానికి పగలు వెళ్లి చూస్తే లాభం లేదు. మండపం లైట్లన్నీ వేయించి, తోడొచ్చినవాళ్లని పీటల మీద కూర్చోబెట్టి నాలుగు ఫొటోలు తీయండి. ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు కనిపిస్తే అది ఎల్‌ఈడీ లైట్ల పని. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ స్పీడ్ (ఫొటోకి షట్టర్ తెరిచి ఉండే సమయం) 1/100 సెకను దగ్గర పెడితే చారలు చాలావరకు పోతాయి. సైలెంట్ షట్టర్ ఉన్న కెమెరా అయితే దాన్ని ఆపేయండి, చారలు దానిలోనే మరీ ఎక్కువ.

పైన ఏముందో కూడా చూడండి. తెల్లటి సీలింగ్ ఉంటే విడి ఫ్లాష్‌ని పైకి తిప్పి కొట్టొచ్చు, వెలుతురు మెత్తగా కిందికి దిగుతుంది. పైన ఎర్రదో పచ్చదో షామియానా గుడ్డ ఉంటే మాత్రం ఆ రంగే తిరిగొచ్చి అందరి ముఖాల మీదా పడుతుంది. కెమెరా మీద లేచే బుల్లి ఫ్లాష్ సంగతంటారా, అది మూడు నాలుగు మీటర్లు దాటి పనిచేయదు, దగ్గర్లో ముఖాల్ని పాలిపోయినట్టు చేస్తుంది. నా మాట విని దాన్ని మూసే ఉంచండి. వీడియో తీసేవాళ్లు వస్తే వాళ్ల పెద్ద లైటే మీ ఫ్లాష్. "అన్నా, మీ ఫ్రేమ్‌లోకి రాను, పక్కన కూర్చుని తీసుకుంటా" అని మొదట్లోనే ఒక మాట అనుకోండి. రాత్రంతా ఆ లైటు మీకూ ఉపయోగపడుతుంది.

మన కోస్తాలో ఇంకో చిక్కు ఉంది. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో ఏసీ ఫుల్‌గా ఉంటుంది, బయట మండపంలో మే నెల ఉక్క. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తేగానే లెన్స్ మీద ఆవిరి కమ్మేస్తుంది. తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. కెమెరాని సంచిలోనే మూసి ఉంచి, తంతుకి అరగంట ముందే బయటికి తెచ్చి పెట్టుకోవడం ఒక్కటే మార్గం.

సెట్టింగులు

మాన్యువల్ మోడ్ జోలికి పోకండి. షట్టర్ స్పీడ్ మీరు పెడితే మిగతాది కెమెరా చూసుకునే షట్టర్ ప్రయారిటీ పెట్టండి, నికాన్‌లో ఎస్, కెనాన్‌లో టీవీ అని ఉంటుంది. ఎఫ్ అంకె మీరే పెట్టాలన్నచోట మాత్రం అపర్చర్ ప్రయారిటీకి మారండి, నికాన్‌లో ఏ, కెనాన్‌లో ఏవీ. కూర్చుని ఉన్నప్పుడు 1/100 లేదా 1/125, కదిలేటప్పుడు 1/250. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో పెట్టి పైహద్దు 3200, కెమెరా కొత్తదైతే 6400. ఫొటోలో గరుకు వస్తుందేమోనని ఐఎస్ఓ తగ్గించి, చెయ్యి వణికిన ఫొటోలు తెచ్చుకోవద్దు. గరుకుని ఎవరూ పట్టించుకోరు, అలికినట్టున్న ముఖాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ పట్టుకుంటారు.

ముస్తాబు

పెళ్లికూతురు కిటికీ పక్కన కూర్చునేలా చూసుకోండి, ట్యూబ్‌లైటు తీసేయించండి. పక్కనుంచి వచ్చే పగటి వెలుతురులో బరంపురం పట్టు అందం తెలుస్తుంది. అంచు పొడవునా గోపురం మెట్లలా లేచే కుంభ నేత, ఎదురుగా ఫ్లాష్ కొడితే చదునుగా అయిపోతుంది. పక్క వెలుతురులో ఒక్కో మెట్టుకీ నీడ పడుతుంది. చీర కట్టక ముందే మంచం మీద పరిచి అంచు దగ్గర ఒకటి తీసి పెట్టుకోండి. ఈ గదిలోకి తలుపు తట్టి, అడిగి మాత్రమే వెళ్లాలి. మగవాళ్లయితే కెమెరాని అక్కకో చెల్లికో ఇచ్చి పంపడమే మేలు.

పీటల దగ్గర

అనుభవం లేనివాళ్ల పెళ్లి ఫొటోల్లో ఎక్కువగా కనిపించేవి నడినెత్తులు. వధూవరులు కింద పీటల మీద కూర్చుంటారు, తీసేవాడు నిలబడి తీస్తాడు. కూర్చోండి. మోకాళ్ల మీదో, బాసింపట్టు వేసుకునో, మీ కన్ను వాళ్ల కన్ను ఎత్తులోకి రావాలి. వెనక కూర్చున్నవాళ్లకీ అడ్డం ఉండరు.

జీలకర్ర బెల్లం దగ్గర తెరసెల్లాకి ఎటో ఒకవైపు కాకుండా, దాని అంచు మీకు ఎదురుగా ఉండేలా పక్కకి రండి. అప్పుడు ఒకే ఫ్రేమ్‌లో అటు అబ్బాయి, ఇటు అమ్మాయి, మధ్యలో తెర. పంతులుగారి సైగ రాగానే, బటన్ నొక్కి ఉంచినంతసేపూ వరుసగా తీసే బరస్ట్ మోడ్ పెట్టండి. చేతులు తలల మీద ఉండగా రెండు మూడు చాలు. అసలు ఫొటో తెర దిగేటప్పుడు వస్తుంది. చూపు కలిసే ఆ రెండు సెకన్లు వేలు తీయకండి. సాధారణంగా అమ్మాయి ముందు కిందికే చూసి, వెనకున్న స్నేహితురాళ్లు ఏదో అంటే నవ్వు ఆపుకుంటూ కళ్లెత్తుతుంది. అది మొదటి క్లిక్‌లో ఉండదు, ఆరోదానిలోనో ఏడోదానిలోనో ఉంటుంది.

మధుపర్కాలు తెలుపు. ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోని చీకటి చేస్తుంది. ఫొటో వెలుతురుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని ప్లస్ 0.7 దగ్గరికి తిప్పండి. తంతు మారగానే మళ్లీ సున్నాకి తేవడం గుర్తుంచుకోండి.

మాంగల్యధారణ అన్నిటికన్నా కష్టం. మేళగాళ్లు గట్టిమేళం అందుకోగానే కూర్చున్నవాళ్లంతా లేచి ముందుకు తోసుకొస్తారు, నలువైపుల నుంచీ అక్షింతలు పడతాయి. ఈ హడావిడిలో కెమెరా ఆటోఫోకస్ గాల్లో ఎగిరే బియ్యాన్ని పట్టుకుంటుంది, ముఖాలు మసకబారతాయి. అందుకని ఫోకస్‌ని ఒకే బిందువు మీదకి మార్చి, మేళం మొదలవకముందే అమ్మాయి కంటి మీద ఫోకస్ చేసి, లెన్స్ మీదున్న మీటని మాన్యువల్‌కి తిప్పేయండి. మీరూ, వాళ్లూ చోటు మారనంతవరకు అది చెదరదు. సూత్రం కనబడేలా పక్కనుంచి తీయండి, ఎదురుగా ఉంటే పెళ్లికొడుకు చేతులే అడ్డం. ఆడపడుచు వెనక జడ ఎత్తి పట్టుకుంటే ఆ చేతుల్నీ ఫ్రేమ్‌లోకి రానివ్వండి. మూడు ముళ్లూ పడ్డాక వెంటనే కెమెరాని అమ్మానాన్నల వైపు తిప్పండి. అప్పటిదాకా బిగబట్టుకున్నది అక్కడే బయటపడుతుంది. కెమెరా అటు తిప్పేముందు ఫోకస్ మీటని మళ్లీ ఆటోకి మార్చడం మరవకండి.

తలంబ్రాలు సరదా. షట్టర్ 1/250, కుదిరితే 1/500. మొదటి దోసిళ్లు మంత్రాల మధ్య పద్ధతిగా పడతాయి, ఆ తర్వాత పోటీ మొదలవుతుంది. అప్పుడు తీయండి. లెన్స్ ముందు తొడిగే హుడ్ ఉంటే పెట్టుకోండి, బియ్యం మీ మీదా పడతాయి.

హోమం దగ్గర గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ మీ మీదకి రాని వైపు కూర్చోండి. పొగలోకి ఫ్లాష్ కొడితే తెల్లటి గోడ తప్ప ఏమీ రాదు. సన్నికల్లు మీద కాలు పెట్టి మెట్టెలు తొడిగేటప్పుడు కెమెరాని నేలకి ఆనించి తీయండి, పారాణి పెట్టిన పాదం, వంగిన పెళ్లికొడుకు వేళ్లు, అంతే చాలు. బిందెలో ఉంగరం ఆటలో బిందెని తీసేవాళ్లు ఎక్కువ. బిందెలో ఏముంది చూడ్డానికి? ముఖాల్ని తీయండి.

అప్పగింతల దగ్గర దూరం పాటించండి. 50 లెన్స్ తగిలించుకుని, స్తంభం పక్కనుంచి, ఫ్లాష్ లేకుండా నాలుగైదు తీసి ఆపేయండి. మీరూ ఆ ఇంటి మనిషే, కెమెరా దింపి వాళ్ల పక్కన నిలబడండి.

ఒడియా వియ్యంకులైతే

బరంపురం ఉన్న గంజాం జిల్లా వైపు ఇది మామూలే కాబట్టి ఈ పద్ధతులూ తెలిసి ఉండాలి. ఒడియా పెళ్లిళ్లు ఎక్కువగా రాత్రివే, బరజాత్రి, అంటే పెళ్లికొడుకు వైపువాళ్ల ఊరేగింపు, రావడమే ఆలస్యంగా వస్తుంది. రెండు బ్యాటరీలు అనుకున్నచోట మూడు పెట్టుకోండి. పెళ్లికొడుకు తలమీద తెల్లటి ముకుటం ఉంటుంది, పైనుంచి లైటు పడితే దాని నీడ కళ్ల మీద పడుతుంది. కింది నుంచి, కాస్త పక్కగా తీయాలి. ఇద్దరి చేతులూ కలిపి కట్టే హాతగంఠి మన మాంగల్యధారణంత ముఖ్యం, దానికి ముందే చోటు చూసుకోండి. శంఖం ఊదేటప్పుడు ఆడవాళ్లు హుళహుళి వేస్తారు, ఆ ముఖాల్ని తీయండి. పెళ్లికూతురి తమ్ముడో అన్నో పెళ్లికొడుకు వీపు మీద ఒక గుద్దు గుద్దే శళా బిధా అయితే రెప్పపాటులో అయిపోతుంది. అది ఎప్పుడో వాళ్ల పంతుల్నో, ఆ తమ్ముణ్నో ముందే అడిగి పెట్టుకోండి. జనాన్ని తప్పుకోమనడానికి "టికే ఘుంచంతు" అనండి, నవ్వుతూ అంటే ఇంకా త్వరగా తప్పుకుంటారు.

గ్రూప్ ఫొటోలు

భోజనాలకి ముందే కానిచ్చేయండి. తర్వాత ఎవరూ దొరకరు. పెద్దవాళ్లకి కుర్చీలు, మిగతావాళ్లు వెనక. వెలుతురు చాలినంత ఉంటే ఎఫ్ 5.6 లేదా 8 పెట్టండి, అంతకన్నా చిన్న అంకె పెడితే వెనక వరుస మసకబారుతుంది. ప్రతి గుంపుకీ నాలుగైదు తీయండి, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. ముసలివాళ్లని ముందు తీసి పంపించేయండి, వాళ్లు మోకాళ్ల నొప్పులతో నిలబడలేరు. పంక్తిలో నములుతున్నవాళ్లని తీయొద్దు, వడ్డించేవాళ్లని తీయండి. సారె సామాన్ల మీద కూడా ఒక్కటి కొట్టండి, అప్పడాలు, ఊరగాయ జాడీలు, కావిళ్లతో సహా.

గోపాల్‌పూర్

పెళ్లయిన రెండోరోజో మూడోరోజో జంట బీచ్ ఫొటోలు అడుగుతుంది. బరంపురానికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకే. సాయంత్రం సూర్యుడు సముద్రంలో దిగుతాడనుకుని బయలుదేరకండి, మనది తూర్పు తీరం. తెల్లవారుజామునే వెళ్లాలి. మే నెలలో 5.15 కల్లా పొద్దు పొడుస్తుంది, అంటే నాలుగున్నరకే అక్కడ ఉండాలి. కొత్త జంటని ఆ వేళకి నిద్ర లేపడం మీ పని కాదు, వాళ్ల వదినకి అప్పజెప్పండి.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే, ఎంత నిద్రొచ్చినా, రెండు కార్డులూ ల్యాప్‌టాప్‌లోకీ, ఒక హార్డ్ డిస్క్‌లోకీ ఎక్కించండి. రెండుచోట్లా ఫొటోలు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయాలి. కెమెరాలో ఉండగానే బాగాలేనివి తీసేస్తూ కూర్చోకండి, తొందరలో మంచివి పోతాయి.

వెయ్యి తీస్తే మూడొందలు ఇవ్వండి. ఒకే భంగిమవి ఎనిమిదుంటే ఒకటి. ఎడిటింగ్‌లో రంగు సరిచేసి, వంకర తీసి, వెలుతురు కాస్త పెంచితే సరిపోతుంది. ముఖాల్ని నున్నగా చేసే ఫిల్టర్లు వద్దు, నాయనమ్మ ముడతలు నాయనమ్మవే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. పెళ్లికూతురు చూసి సరేననేదాకా ఏదీ ఫేస్‌బుక్‌లోనో, స్టేటస్‌లోనో పెట్టకండి. ఆల్బమ్ వేయించేటప్పుడు 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీట్ల మీద ఫొటోలు కిక్కిరిసేలా పేర్చమనకండి, ఒక్కో పేజీకి మూడు నాలుగు దాటితే ఏదీ కనిపించదు. నలభై యాభై ఫొటోలు మాత్రం 4×6 సైజులో కడిగించి, సెల్‌ఫోన్ చూడ్డం రాని పెద్దవాళ్లకి మొదట అవే పంపించండి.